జక్కమ్మ అడుగు

“దేవరాట్టం వచ్చా నీకు?” అని చెన్నై నుంచి ఫోన్లో అడిగారు.

“వచ్చు మేడం, అది మా వాళ్ళదే” అనేసింది మారిసెల్వి. అబద్ధాలాడే అలవాటున్నవాళ్ళయితే కాస్త తటపటాయిస్తారు, గొంతు సవరించుకుంటారు. ఆమెకు ఆ అలవాటు లేదు కాబట్టి మాట గబుక్కున జారిపోయింది.

నిజానికి అందులో సగం అబద్ధం కాదు. ఆట వాళ్ళదే. ఎన్ని వందల ఏళ్ళ కిందటో ఉత్తరం నుంచి నదులు దాటుకుంటూ వచ్చి, కోవిల్‌పట్టి చుట్టుపక్కల నల్లరేగడిలో పత్తీ సజ్జా వేసుకుని బతుకుతున్న తెలుగువాళ్ళు వాళ్ళు. గడప దాటితే తమిళం, లోపలికొస్తే తెలుగు. ఇంటి దేవత జక్కమ్మ ముందు మగవాళ్ళు తలకు గుడ్డ చుట్టి, కాళ్ళకు గజ్జెలు కట్టి, వరసగా నిలబడి ఉరుమి దెబ్బకు ఆడతారు. పాట ఉండదు, మాట ఉండదు, డోలులాంటి ఆ ఉరుమి ఒక్కటే. తమిళులు దాన్ని దేవరాట్టం అంటారు, ఇంట్లో దేవరాట అంటారు. ఇక అబద్ధమైన సగం ఏమిటంటే, దాన్ని ఆడవాళ్ళు ఆడరు. పక్కన నిలబడి చప్పట్లు చరుస్తూ కుమ్మి కొడతారు. మారిసెల్వికి ఊహ తెలిసినప్పటి నుంచీ చూడటం తెలుసు, ఆడటం తెలియదు.

తెలిసిందల్లా భరతనాట్యం. మదురైలో నాలుగేళ్ళు చదివి పట్టా తెచ్చుకుంది, అదీ ఫస్టు క్లాసులో. కోవిల్‌పట్టిలో అగ్గిపెట్టెల కంపెనీలో పనిచేసే వాళ్ళ నాన్న హరికృష్ణన్ ఆ పట్టాకు ఫ్రేము కట్టించి గోడకు తగిలించాడు. గోడ మీద అది బాగానే ఉంది. బయట మాత్రం దాన్ని చూసి ఎవరూ లేచి నిలబడలేదు. చెన్నై సభలవాళ్ళు “మీ గురువు ఎవరు?” అని అడిగేవారు. కాలేజీ పేరు చెబితే మొహాలు అలాగే ఉండేవి, కళ్ళు మాత్రం తరవాతి అమ్మాయి వైపు వెళ్ళిపోయేవి. ఒక గుడి ఉత్సవంలో అరగంట ఇచ్చారు. ఏడో నిమిషంలో ఎవరో పెద్దమనిషి కారు దిగితే పాట ఆపేసి నాదస్వరం మొదలుపెట్టారు. మిగిలినవి బడుల వార్షికోత్సవాలు. సినిమా పాటకు అరవై మంది పిల్లల్ని అటు మూడడుగులు, ఇటు మూడడుగులు వేయించడం. రెండేళ్ళు కాళ్ళకు బలపం కట్టుకుని తిరిగాక ఆమెకు ఒక సంగతి అర్థమైంది. నేర్చుకోవడానికి నాలుగేళ్ళు పట్టింది గానీ, నేర్చుకున్నది ఎవరికి కావాలో కనుక్కోవడానికి జీవితం చాలేట్టు లేదు.

అలాంటప్పుడు వచ్చింది ఈ ఫోను. చెన్నైలో శాంభవి అనే ఆవిడ ఒక నృత్య బృందం నడుపుతోంది. వానలేని ఊళ్ళ ఆటల మీద పెద్ద ప్రదర్శన తయారుచేస్తోంది. ఎనిమిది మంది కావాలి, ఏడుగురు దొరికారు. నెల జీతం, రెండేళ్ళ పాటు ఊరూరా వేదికలు. ఎంపిక నెల రోజుల్లో, విరుదునగర్‌లో. ఇరవై ఐదు దాటినవాళ్ళను తీసుకోరు. మారిసెల్వికి ఇరవై ఐదు నిండటానికి నాలుగు నెలలుంది. ఆ ఒక్క చోటు దొరికితే ఆమె నర్తకి. దొరక్కపోతే వార్షికోత్సవాల టీచరు, చచ్చేదాకా.

మరునాడు పొద్దున్నే నాగలాపురం బస్సెక్కింది. ఆ పక్క పల్లెలోనే ముత్తుసామి తాత ఉంటాడు, తండ్రికి తండ్రి. డెబ్బై నాలుగేళ్ళు. నలభై ఏళ్ళుగా వరసకు ముందు నిలబడి ఆడించేది ఆయనే. మోకాళ్ళు ఎప్పుడో అరిగిపోయాయి గానీ ఉరుమి వినబడితే ఆ సంగతి ఆయన మోకాళ్ళకు గుర్తుండదు.

“ఏం పాపా, పొద్దన్నే దిగినావు? ఇంట్లో అందురూ బాగుండారా?”

“బాగుండారు తాతా. నాకు దేవరాట నేర్పించు.”

తాత పకపకా నవ్వాడు. “నాలుగేండ్లు మదురైలో నేర్చుకున్నిది చాల్లేదా నీకు?”

“అది వేరే, ఇది వేరే తాతా.”

“ఆమా. అది ఆడోళ్ళది, ఇది మొగోళ్ళది. పో, పోయి మీ అవ్వ దగ్గిర సల్ల తాగు.”

ఆమె మజ్జిగ తాగి వచ్చి మళ్ళీ ఆయన ఎదురుగా కూర్చుంది. ఆ రోజంతా కూర్చుంది. రెండో రోజూ కూర్చుంది. ముసలాయన ససేమిరా అన్నాడు. ఆయన్ని కదిలించింది మనవరాలు కాదు, సంగిలి. సంగిలి ఉరుమి వాయిస్తాడు, తాతకంటే పదేళ్ళు చిన్న. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూడకుండానే ఎప్పుడు ఏం చేస్తారో తెలిసేంత కాలం కలిసి ఆడారు, వాయించారు.

“పెద్దాయనా, పోయిన చిత్తిర పండగకి వరసలో ఎంతమంది నిలబడిరి?” అని అడిగాడు సంగిలి.

తాత గడ్డం గీరుకున్నాడు.

“నేను చెప్తా. అయిదుగురు. అందురూ ముసిలోళ్ళే. పిలకాయలు తిరుప్పూరు బనియన్ కంపెనీకి పోయిరి, కోయముత్తూరుకి పోయిరి. రేపు నువ్వు కాలు చాపేస్తే నేను ఎవురికి కొట్టేది? గోడకా?”

ఆ మాట తాతకు ఎక్కడో తగిలింది. కాసేపు తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు, తుడుచుకోవడానికి చెమటేమీ లేకపోయినా. తరవాత లేచి, పత్తి నింపే కొట్టం తాళం తీశాడు.

అలా మూడు వారాలు. ఊరివాళ్ళు చేలల్లోకి పోయాక కొట్టం తలుపులు మూసేవారు. బయటికి వినబడకుండా సంగిలి వేళ్ళ కొసలతో వాయించేవాడు. నాలుగేళ్ళ చదువు అక్కడ అడుగడుగునా అడ్డం వచ్చింది. వీపు నిటారుగా, మోకాళ్ళు పక్కలకు, చెయ్యి పోయిన చోటికి చూపు పోవాలి అని నేర్చుకున్న ఒళ్ళు అది. ఇక్కడ నడుము వదలాలి. చూపు ఎవరి కోసమూ కాదు.

“ఆ నడుముకి మదురైలో ఏం కట్టె కట్టినారే? వంగదే!” అనేవాడు తాత. “నేలని చూసి ఏల బయపడతావు? బాగా తొక్కు. అది నీ అత్త కాదు, కోపం చేసుకోదు.”

ఆమె అలవాటుగా నోట్లో లెక్క పెట్టుకునేది, తక ధిమి తక జణు అని. తాతకు అది అసలు గిట్టేది కాదు. “నోరు మూసుకో. లెక్క ఉరుమిది. నీది కాలు ఒకటే.”

రెండో వారానికి నోరు ఆగింది. మూడో వారానికి కాలు ఉరుమికి చిక్కింది. ఒక మధ్యాహ్నం పదిహేడో అడుగు ముగిసేసరికి సంగిలి వాయించడం ఆపి, తాత వైపు చూసి తల ఊపాడు. మారిసెల్వికి పట్టా అందుకున్న రోజు కూడా అంత ఆనందం కలగలేదు. మొదటిసారి తన కాళ్ళు తనవనిపించాయి.

“ఇంక ఒకటి ఉండాది” అన్నాడు తాత. “పద్దెనిమిదోది. పండగ కడాకున జక్కమ్మకి వేసేది. అది ఆటలో చేరింది కాదు.”

ఆయన ఉత్తరం వైపు తిరిగాడు. ఆమెకు ఆయన వీపే కనబడుతోంది. మోకాళ్ళు వంచి, కుడికాలు నేల మీద ఈడుస్తూ వెనక్కి తెచ్చాడు. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. చేతిలో తువ్వాలు పైకి లేపి, అలాగే వదిలేసినట్టు కిందికి దించాడు. అంతే. చూడటానికి అందులో ఏమీ లేదు. కానీ ఆమె చూపు తిప్పుకోలేకపోయింది.

“మనోళ్ళు ఆ దేశం వదిలి పారొచ్చేప్పుడు, నది దాటేదానికి మున్ను, ఒక్క తూరి వెనిక్కి తిరిగి చూసిరంట. ఇండ్లు ఆడ, చచ్చినోళ్ళు ఆడ, జక్కమ్మ దీపం ఆడ. కాలు రానంటాది. రాకపోతే తల పోతాది. అదీ ఈ అడుగు. ఇది మనుసులకు చూపించేది కాదు పాపా. మొగం ఆ తల్లికి, వీపు మనుసులకి. మా అయిదుగురి తరవాత ఎవురికన్నా తెలిసుండాలని నీకు చెప్తాండా. సరేనా?”

“సరి తాతా.”

ఒట్టు పెట్టించుకోలేదు. పెట్టించుకుని ఉంటే బాగుండేదని మారిసెల్వి తరవాత చాలాసార్లు అనుకుంది.

విరుదునగర్‌లో ఎంపిక ఒక కల్యాణ మండపంలో పెట్టారు. వెనకాలే మిరపకాయల గోదాములు. గాలి మళ్ళినప్పుడల్లా చెన్నై అమ్మాయిలు వరసగా తుమ్ముతున్నారు. శాంభవి పొడుగ్గా, కత్తిరించిన తెల్ల జుట్టుతో, చాలా మర్యాదగా ఉంది. మారిసెల్వి పట్టుబట్టి ముందు భరతనాట్యమే ఆడింది. శాంభవి మూడు నిమిషాలు చూసి, మధ్యలో రెండుసార్లు ఫోను చూసుకుని, “బాగుంది. ఇప్పుడు మీ ఆట” అంది. సంగిలి వాయించగా రికార్డు చేసుకున్న ఉరుమిని ఫోన్లో పెట్టుకుని మారిసెల్వి గజ్జె కదిపింది. రెండో అడుగుకే శాంభవి ఫోను పక్కన పెట్టేసింది. నాలుగో అడుగుకు లేచి నిలబడింది. నాలుగేళ్ళ చదువుకు మూడు నిమిషాలు, మూడు వారాల ఆటకు ముప్పావు గంట. ఎక్కడ సంతోషపడాలో ఎక్కడ ఏడవాలో మారిసెల్వికి తెలియలేదు.

పదిహేడు అడుగులూ అయ్యాక శాంభవి ఆమెను పక్కకు తీసుకువెళ్ళి తమిళంలో నెమ్మదిగా చెప్పింది. ఎనిమిదో అమ్మాయి నిన్ననే దొరికిందట. సుగన్య. కానీ ఆమె మోకాలికి దెబ్బ తగిలింది, నిలబడుతుందో లేదో చెప్పలేం. “పది రోజులు ఇక్కడే సాధన ఉంది. నువ్వొచ్చి మా వాళ్ళకు ఈ అడుగులు నేర్పు. ఆ మోకాలు మాట వినకపోతే చోటు నీదే.”

రోజూ పొద్దున కోవిల్‌పట్టిలో రైలెక్కడం, సాయంత్రం దిగడం. పది రోజులూ మారిసెల్వి అడుగులు నేర్పుతూ ఒక కన్ను సుగన్య మోకాలి మీదే ఉంచింది. మంచి పిల్ల ఆ సుగన్య. తన డబ్బాలో పండ్లు తెచ్చి పెట్టేది, అక్కా అని పిలిచేది. ఆ పిల్ల మోకాలు బాగుపడకూడదని మారిసెల్వి రైల్లో కళ్ళు మూసుకుని మొక్కుకునేది. మొక్కుకున్నాక తన మీద తనకే అసహ్యం వేసేది. సాత్తూరు స్టేషను దాటాక మళ్ళీ మొక్కుకునేది.

ఎనిమిదో రోజు సుగన్య కుంటుతూ వచ్చి, మంచు గడ్డల సంచీ మోకాలికి కట్టుకుని ఓ మూల కూర్చుంది. శాంభవి ఆ మోకాలిని చూసింది, తరవాత మారిసెల్విని చూసింది. “ఇవాళో రేపో తేల్చేస్తాను” అంది.

అప్పుడే అడిగింది శాంభవి. “ఇంత ఆటకు ముగింపు లేదా? పదిహేడు దగ్గర తెగిపోయినట్టుంది. చివర ఒకటి ఉంటుందని ఎవరో చెప్పారు నాకు.”

“లేదు మేడం.”

“లేకపోతే మనమే ఏదో ఒకటి కట్టాలి. ఉంటే మాత్రం, అది తెలిసినవాళ్ళే ముందు నిలబడి ఆడాలి. ఇంకొకరు ఆడితే రక్తి కట్టదు.”

తెలిసినవాళ్ళే ముందు నిలబడి ఆడాలి. ఆ మాటతో మారిసెల్వి కళ్ళ ముందు ఒక పెద్ద వేదిక వెలిగింది. వెనక ఏడుగురు, ముందు తను. ఏడో నిమిషంలో ఎవరూ పాట ఆపరు. మీ గురువు ఎవరని ఎవరూ అడగరు. తాత ఆ మండపంలో లేడు, నలభై మైళ్ళ అవతల ఏ చేలోనో ఉన్నాడు. ఆశ అంత పాడుది. ఎదురుగా ఉన్నదాన్నే పెద్దది చేసి చూపిస్తుంది, దూరంగా ఉన్నవాళ్ళను చిన్నవాళ్ళను చేస్తుంది.

“ఒకటి ఉంది మేడం” అంది.

ఉత్తరం వైపు తిరిగి, వాళ్ళందరికీ వీపు పెట్టి ఆడింది. కాలు ఈడ్చింది మూడుసార్లు. తువ్వాలు లేపి వదిలింది. మూల కూర్చున్న సుగన్య కళ్ళు తుడుచుకుంది.

“ఇదీ ముగింపు” అంది శాంభవి. “కానీ మొహం కనబడటం లేదు కదా. ఇటు తిరిగి చెయ్యి.”

మారిసెల్వి కదలలేదు. శాంభవి కసిరిందీ లేదు, తొందరపెట్టిందీ లేదు. కెమెరా పట్టుకున్న అమ్మాయిని చెయ్యి చూపించి ఆగమంది, అంతే. అలా ఎంతసేపు నిలబడిందో మారిసెల్వికి తెలియదు. తరవాత ఇటు తిరిగింది. కాళ్ళు తిరిగాయి అనుకోవడం తేలిక గానీ, తిరిగింది ఆమే. జక్కమ్మకు వీపు పెట్టి, కెమెరాకు మొహం పెట్టి, అదే అడుగు మళ్ళీ వేసింది. ఆ రోజూ మరునాడూ ఆ ఏడుగురికీ నేర్పింది.

పదో రోజు పొద్దున సుగన్య కుంటకుండా వచ్చింది.

శాంభవి మోసగత్తె కాదు. అలా అయితే మారిసెల్వికి తిట్టుకోవడానికి ఓ మనిషైనా మిగిలేది. ఆవిడ ఆమెను ఎదురుగా కూర్చోబెట్టుకుని, కాఫీ తెప్పించి, ఉన్నమాట చెప్పింది. “నీ భరతనాట్యం తప్పు పట్టేట్టు లేదు. కానీ అంత బాగా ఆడేవాళ్ళు చెన్నైలో వీధికి పదిమంది ఉన్నారు. సుగన్య వాళ్ళలో కూడా పైమెట్టు. నీ దగ్గర ఉన్నదేదో నువ్వు మాకు ఇచ్చావు. నీ పేరు తప్పకుండా వేస్తాను.” ఒక శాలువా కప్పారు. ఏడుగురూ, సుగన్యతో ఎనిమిది మంది, చప్పట్లు కొట్టారు. సుగన్య కౌగిలించుకుని, “అక్కా, నువ్వు లేకపోతే ఈ ముగింపే లేదు” అంది. రైల్లో మారిసెల్వి శాలువాను సంచీలో కుక్కేసి, కిటికీ వైపు మొహం పెట్టి, కోవిల్‌పట్టి వచ్చేదాకా ఏడ్చింది. ఎదుటి సీటావిడ మిరపకాయల ఘాటనుకుని మంచినీళ్ళ సీసా ఇచ్చింది.

ఆ ఆదివారం పల్లెకు వెళ్ళేసరికి చోటు పోయిన సంగతి తాతకు అప్పటికే చేరింది. అయినా ఆయన మొదట అడిగిన మాట చోటు గురించి కాదు.

“అది చూపించినావా?”

“లేదు తాతా.”

ముసలాయన మొహం విచ్చుకుంది. “నాకు తెలుసు. చోటు పోతే పోనీలే పాపా. నీకు ఇంకొకటి చెప్పాల. నేను పెద్దోళ్ళతో మాట్లాడినా. వారం దినాలు జగడమాడినా. వచ్చే చిత్తిరలో వరస కడాకున నువ్వు నిలబడతావు. కుమ్మికి కాదు, దేవరాటకి. మన జనంలో మొదుటి ఆడబిడ్డ నువ్వే.”

నిజం చెప్పడానికి అదే సమయం. చెప్పలేదు. ఆయన మొహంలో ఆ వెలుగు చూస్తూ చెప్పేంత ధైర్యం ఆమెకు లేకపోయింది. పైగా ఒక చోటు పోయినా ఇంకో చోటు దొరికిందనే సంతోషం కూడా లోలోపల మొలిచింది. అదీ దాచడం ఎందుకు, మొలిచింది.

చిత్తిర పండగకు రెండు రోజుల ముందు వీడియో వచ్చింది. చెన్నైలో ప్రదర్శన అయిందట, అందులోంచి నాలుగు నిమిషాలు. పొద్దున ఎవరో కులం వాళ్ళ వాట్సాప్‌లో పెట్టారు, మధ్యాహ్నానికి ఇంటింటికీ చేరింది. తాత దగ్గర అలాంటి ఫోను లేదు. సంగిలి తన ఫోను తెచ్చి ఆయన చేతిలో పెట్టాడు. పండగకని వచ్చిన మారిసెల్వి గుమ్మంలో అలాగే నిలబడిపోయింది.

తాత ఫోనును చేతి దూరంలో పట్టుకుని చూశాడు. ఎర్రటి వెలుతురులో ఎనిమిది మంది. కాళ్ళు ఈడుస్తున్నారు, ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. మొహాలు జనం వైపు. తువ్వాళ్ళు వదిలేసి, సుగన్య ముందుకు వచ్చి నవ్వింది. తక్కినవాళ్ళూ నవ్వారు. చప్పట్లు. చివర రెండు క్షణాలు అక్షరాలు మెరిశాయి. కోవిల్‌పట్టి, మారిసెల్వి.

తాత మళ్ళీ పెట్టమన్నాడు. మూడుసార్లు చూశాడు. తరవాత ఫోను సంగిలికి ఇచ్చేసి, మనవరాలి వైపు చూశాడు.

“అడుగు తప్పులేదు” అన్నాడు. “బాగా నేర్పించినావు పాపా.”

ఆయన తిట్టి ఉంటే కాళ్ళ మీద పడి ఏడ్చేది. ఆయన తిట్టలేదు. “తాతా” అని ఆమె ఏదో మొదలుపెట్టేలోపే, “అన్నం తిన్నావా?” అని అడిగి, తువ్వాలు భుజాన వేసుకుని చేలోకి వెళ్ళిపోయాడు.

పండగ రోజు వరసలోకి రావద్దని ఆమెతో ఎవరూ అనలేదు. ఆమే వెళ్ళి ఆడవాళ్ళ పక్కన నిలబడింది. ఐదుగురు ముసలివాళ్ళు ఆడారు. తాత మోకాళ్ళు ఆ రోజు కూడా మాట విన్నాయి. పదిహేడో అడుగు అయింది. సంగిలి దెబ్బ మార్చాడు. అందరూ ఉత్తరం వైపు తిరగబోయారు. తాత తిరగలేదు. తలకు చుట్టిన గుడ్డ విప్పి, మడిచి, నేల మీద కూర్చున్నాడు. తక్కిన నలుగురూ ఏం చేయాలో తెలియక ఒకరినొకరు చూసుకున్నారు. సంగిలి పద్దెనిమిదో అడుగుకు వాయించాల్సిందంతా ఒక్కడే చివరిదాకా వాయించి ఆపేశాడు. పిల్లలు పొంగలికి పరిగెత్తారు.

ఆ తరవాత ఆయన ఎవరికీ ఏ అడుగూ నేర్పలేదు. ఎవరైనా అడిగితే, “ఫోన్లో ఉండాది, చూసుకోండి” అనేవాడు. మారిసెల్వి వెళితే ఎప్పటిలాగే పలకరించేవాడు. సల్ల ఇప్పించేవాడు. కొట్టం తాళం మాత్రం మళ్ళీ పత్తికే తీశారు.

ఆమె ఇరవై ఐదో ఏడు నిండిన వారానికి విరుదునగర్ నుంచి ఒక బడివాళ్ళు ఫోను చేశారు. వీడియోలో పేరు చూశారట. వార్షికోత్సవానికి పిల్లలకు ఆ ఆట నేర్పాలి. నెలలో మరో రెండు బడులు. సినిమా పాటలు ఎవరూ అడగడం లేదు. కమలం, అంటే వాళ్ళమ్మ, పొంగిపోయింది. “చూస్తివా, నాలుగేండ్ల సదువు వీణ్ పోలా, దండగ కాలా. కడాకు పని దొరికె కదా.” మారిసెల్వి తల ఊపింది. దేవుడా, ఇదేనా నేను అడిగింది అనుకుంది, ఎవరికీ వినబడకుండా.

మొదట్లో పదిహేడే నేర్పాలనుకుంది. నేర్పింది కూడా. కానీ రైల్లో వస్తూ పోతూ ఒకటే ఆలోచన. తాత ఆపేశాడు. మిగిలిన నలుగురూ ఆయన ఆడనిది ఆడరు, వాళ్ళకూ ఏళ్ళు మీదపడ్డాయి. వాళ్ళ తరవాత ఆ అడుగు ఎటు తిరిగి వేయాలో తెలిసిన మనిషి భూమ్మీద తను ఒక్కతే. చేసిన తప్పు దిద్దడానికి తన చేతిలో ఉన్నది అదొక్కటే అనిపించింది. ఉన్నదున్నట్టు నేర్పితే, ఈ నలభై మంది పిల్లల్లో ఒక్కరి కాళ్ళలోనైనా అది సరిగ్గా నిలుస్తుంది.

ఒక మంగళవారం బడి ఆవరణలో పిల్లల్ని వరసగా నిలబెట్టి చెప్పింది. ఇది చివరి అడుగు. ఇది జనానికి చూపించేది కాదు. అందరూ ఉత్తరం వైపు తిరగాలి, వెనక ఎవరున్నా చూడకూడదు. తనే తిరిగి నిలబడి, కాలు ఈడ్చింది. ఒకసారి, రెండుసార్లు.

వెనక గుసగుసలు మొదలయ్యాయి. ఆరో తరగతి పిల్ల ఒకతి, బాగా ఆడే పిల్ల, చెయ్యెత్తింది.

“మిస్, మీరు తప్పు చేస్తున్నారు” అంది తమిళంలో, చాలా మర్యాదగా. “వీడియోలో అలా లేదు. ఇటు తిరిగి నవ్వాలి.”

“అవును మిస్, నవ్వాలి” అన్నారు తక్కినవాళ్ళు. ఇద్దరు ముగ్గురు చేసి చూపించారు. అడుగులో ఒక్క తప్పు లేదు.

మారిసెల్వి వాళ్ళకు నది గురించి చెప్పబోయింది. దీపం గురించి, రానన్న కాలు గురించి. తెలుగులో విన్న ఆ మాటలు తమిళంలోకి వచ్చేసరికి ఏదో పాఠంలా వినిపించాయి. పిల్లలు ఓపిగ్గానే విన్నారు. అంతలో వరండాలోంచి ప్రధానోపాధ్యాయురాలు దిగివచ్చింది. “వీడియోలో ఉన్నట్టే ఉండనివ్వండమ్మా. తల్లిదండ్రులంతా అదే చూసి ఒప్పుకున్నారు. వేరేగా ఉంటే మీరు నేర్పింది నిజమైనది కాదంటారు” అని చెప్పి వెళ్ళిపోయింది.

నలభై మంది ఆమె మొహంలోకే చూస్తున్నారు. ఆమె చేతులు రెండూ తాళానికి సిద్ధంగా గాలిలో ఉండిపోయాయి.

“సరే” అంది మారిసెల్వి. “ఇటు తిరగండి.”

పిల్లలు తిరిగారు. నవ్వులో ఎవరు వెనకబడుతున్నారో చూస్తూ, ఆమె తాళం వేయడం మొదలుపెట్టింది.